పని లేకుండా వచ్చి కూర్చునే చోటు: మెల్‌బోర్న్ కూరీ గ్యాదరింగ్ ప్లేసులు ఆరోగ్యానికి ఏం చేస్తున్నాయి?

మెల్‌బోర్న్ శివార్లలో ఫ్రాంక్‌స్టన్, హేస్టింగ్స్, క్రోయ్డన్, హీల్స్‌విల్, విండమ్ వేల్ లాంటి చోట్ల అబొరిజినల్ (ఆస్ట్రేలియా ఆదివాసుల) జెండా ఎగిరే భవనం ఒకటి ఉంటుంది. పైన నలుపు, కింద ఎరుపు, నడుమ పసుపు వృత్తం. లోపలికెళితే పెద్ద వంటగది, పొడవాటి బల్ల, ఎప్పుడూ కాగుతూ ఉండే టీ నీళ్లు, వెనక మొక్కల మడులు, రాళ్లు పేర్చిన నిప్పు గుండం. వీటిని గ్యాదరింగ్ ప్లేసులు అంటారు. కూరీ అంటే ఆస్ట్రేలియా ఆగ్నేయ ప్రాంతపు అబొరిజినల్ ప్రజలు. హేస్టింగ్స్‌లో ఉన్నది విల్లమ్ వరైన్, ఫ్రాంక్‌స్టన్‌లో నైర్మ్ మార్ జంబానా, క్రోయ్డన్‌లో మల్లమ్ మల్లమ్. ఆస్పత్రి బోర్డు ఎక్కడా ఉండదు. అయినా వీటికి వచ్చే నిధుల్లో కొంత ఆరోగ్యం పేరు మీదే వస్తుంది. టీ తాగి కబుర్లు చెప్పుకునే చోటికి ఆరోగ్య నిధులేమిటన్న ప్రశ్న కొత్తవాళ్లకే కాదు, డబ్బిచ్చే అధికారులకూ వస్తుంది.

అక్కడ నడిచే కార్యక్రమాల జాబితా చూపిస్తే ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. ఏ కార్యక్రమమూ లేని రోజున కూడా, ఏ కారణమూ చెప్పకుండా వచ్చి కూర్చునే వీలుండటమే ఈ చోట్ల అసలు పని. మిగతా లాభాలన్నీ దాని మీద ఆధారపడినవే. నిధులిచ్చే పద్ధతి మాత్రం సరిగ్గా దాన్నే లెక్కలోకి తీసుకోదు.

మూడు రకాల సంస్థలు

బయటివాళ్లు మూడు వేర్వేరు సంస్థలను ఒకటే అనుకుంటారు. చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

మొదటివి ట్రెడిషనల్ ఓనర్ల సంస్థలు. ఫలానా నేల తరతరాలుగా ఏ జాతిదో వాళ్ల వారసుల సంస్థలివి: వురుంజెరి, బునురాంగ్, వడవురుంగ్ లాంటివి. నేల, వారసత్వ స్థలాల గురించి మాట్లాడే హక్కు వీళ్లది. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో 2006 నాటి అబొరిజినల్ హెరిటేజ్ చట్టం కింద వీటికి గుర్తింపు ఇస్తారు.

రెండోవి సముదాయమే నడుపుకునే ఆరోగ్య సంస్థలు. సిడ్నీలోని రెడ్‌ఫర్న్‌లో 1971లో మొదటిది పుట్టింది. మెల్‌బోర్న్‌లో విక్టోరియన్ అబొరిజినల్ హెల్త్ సర్వీస్ 1973లో ఫిట్జ్‌రాయ్‌లో మొదలైంది. వీటిలో డాక్టర్లు, దంతవైద్యులు, నర్సులు ఉంటారు, మెడికేర్ (ప్రభుత్వ ఆరోగ్య బీమా) బిల్లులు అవుతాయి.

మూడోవే గ్యాదరింగ్ ప్లేసులు. చుట్టుపక్కల ఉంటున్న ఏ అబొరిజినల్ కుటుంబమైనా, వాళ్ల పూర్వీకుల నేల ఏ రాష్ట్రంలో ఉన్నా, ఇక్కడికి రావచ్చు. క్వీన్స్‌లాండ్ నుంచి వచ్చి ఫ్రాంక్‌స్టన్‌లో అద్దెకుంటున్న మనిషి అక్కడి నేలకు యజమాని కాడు గానీ, ఆ బల్ల దగ్గర అతనికి కుర్చీ ఉంటుంది. నేల మీద హక్కు ఒక సంస్థది, ఆతిథ్యం ఇంకో సంస్థది. ఈ తేడా మరిచిపోయిన కౌన్సిల్ (స్థానిక పురపాలక సంస్థ) అధికారి వారసత్వ స్థలం గురించి గ్యాదరింగ్ ప్లేస్‌ను అడిగి ఇద్దరికీ తగువు పెడతాడు.

చెదరగొట్టింది ఎవరు

మన ఊళ్లలో రచ్చబండ లాంటిదే అనుకుంటే సగమే అర్థమవుతుంది. రచ్చబండ మీద కూర్చునేవాళ్లకు ఊరు ముందే ఉంది. ఇక్కడికి వచ్చేవాళ్లలో చాలామందికి ఆ ఊరే లేకుండా చేశారు.

హీల్స్‌విల్ దగ్గర కోరండెర్క్ రిజర్వు, అంటే అబొరిజినల్ ప్రజలకు ప్రభుత్వం కేటాయించిన నేల, 1863లో మొదలైంది. వురుంజెరి పెద్దలు సైమన్ వోంగా, విలియం బరాక్ నాయకత్వంలో అక్కడివాళ్లు హాప్స్ (బీరు తయారీలో వాడే పంట) పండించి పేరు తెచ్చుకున్నారు. నేలను తమ నుంచి లాక్కోవద్దని మెల్‌బోర్న్ దాకా నడిచి వెళ్లి అర్జీలిచ్చారు. 1886లో విక్టోరియా చేసిన చట్టం, మిశ్రమ సంతతి అని ముద్ర వేసిన 34 ఏళ్లలోపు వాళ్లను రిజర్వుల నుంచి వెళ్లగొట్టింది. పనిచేయగల వయసువాళ్లు బయటికి, ముసలివాళ్లు లోపల. కుటుంబాలు నిలువునా చీలాయి. పనిచేసే చేతులు పోయాక రిజర్వు నిలవలేదు, 1924లో మూసేశారు. దీనికి తోడు పిల్లలను తల్లిదండ్రుల నుంచి తీసుకెళ్లడం ఇరవయ్యో శతాబ్దంలో దశాబ్దాల పాటు సాగింది. దాని మీద జాతీయ విచారణ నివేదిక వచ్చింది 1997లో. పార్లమెంటులో ప్రధాని క్షమాపణ చెప్పింది 2008 ఫిబ్రవరి 13న.

అలా చెదిరినవాళ్లు నగరంలో మళ్లీ ఒకరినొకరు వెతుక్కున్నారు. ఫుట్‌స్క్రేలో ఉంటూ అబొరిజినల్ నాయకుడు విలియం కూపర్ 1930లలో ఆస్ట్రేలియన్ అబొరిజినీస్ లీగ్ నడిపాడు. ఫిట్జ్‌రాయ్‌లోని గోర్ స్ట్రీట్ చర్చిలో పాస్టర్ డగ్ నికల్స్ దగ్గరికి జనం చేరేవారు. 1957లో అబొరిజినీస్ అడ్వాన్స్‌మెంట్ లీగ్ పుట్టింది. తర్వాత ఫిట్జ్‌రాయ్‌లో అద్దెలు పెరిగాయి. కుటుంబాలు మెల్టన్, వెరిబీ, క్రోయ్డన్, ఫ్రాంక్‌స్టన్ వైపు జరిగాయి. 2021 జనాభా లెక్కల్లో విక్టోరియాలో అబొరిజినల్ లేదా టోరెస్ స్ట్రెయిట్ ద్వీపవాసులమని (ఆస్ట్రేలియా ఉత్తరాన ఉన్న దీవుల ఆదివాసులు) రాయించుకున్నవాళ్లు 65,646 మంది, రాష్ట్ర జనాభాలో నూటికి ఒక్కరు. ఆ ఒక్కరు కూడా పాతిక శివార్లలో చెల్లాచెదురుగా ఉంటే, పక్క వీధిలోనే తమవాళ్లున్నా తెలియదు. గ్యాదరింగ్ ప్లేసుల అవసరం ఇలా వచ్చింది.

బల్ల దగ్గర నుంచి రక్తపరీక్ష దాకా

1989 నాటి జాతీయ అబొరిజినల్ ఆరోగ్య వ్యూహం ఆరోగ్యాన్ని ఒక మనిషి శరీరానికి పరిమితం చేయలేదు. మొత్తం సముదాయం సామాజికంగా, మానసికంగా, సాంస్కృతికంగా బాగుండటమే ఆరోగ్యమంది. 2014లో అబొరిజినల్ మనస్తత్వవేత్తలు ముందుండి రూపొందించిన నమూనా దాన్ని ఏడు బంధాలుగా విడదీసింది: శరీరం, మనసు, కుటుంబం, సముదాయం, సంస్కృతి, నేల, పూర్వీకులతో కూడిన ఆత్మిక లోకం. చదవడానికి ఇది తత్వంలా ఉన్నా, ఆచరణలో ఎలా నడుస్తుందో చూస్తే చాలా మామూలు విషయం.

నలభై దాటిన ఒక మగమనిషిని ఊహించుకోండి. ఆస్పత్రి అంటే అతనికి పడదు. వాళ్ల అమ్మ కాలంలో ఆస్పత్రి నుంచి పిల్లలను ఎత్తుకెళ్లిన కథలు ఇంట్లో విన్నాడు. బుధవారం భోజనానికి వస్తాడు. మూడు నెలలు తిని వెళ్లిపోతాడు, అంతే. నాలుగో నెలలో పక్కన కూర్చున్న అంకుల్ కాలి పుండు సంగతి చెబుతుంటే వింటాడు. ఆ రోజు లోపలి గదిలో నర్సు ఉంటుంది. వేలి నుంచి ఒక్క చుక్క రక్తం తీసి చిన్న యంత్రంలో పెడితే, గడిచిన రెండు మూడు నెలల చక్కెర సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ ఫలితం సుమారు ఆరు నిమిషాల్లో వస్తుంది. ఆ ఆరు నిమిషాలే కీలకం. రక్తం ల్యాబుకు పంపి వచ్చే వారం రమ్మంటే అతను రాడు. టీ కప్పు ఖాళీ అయ్యేలోపు అంకె చేతికొస్తే, దాని గురించి మాట్లాడటానికి మనిషి ఇంకా అక్కడే ఉంటాడు.

ఆ తర్వాతి మెట్టు మెడికేర్‌లో 715 నంబరు కింద వచ్చే ఆరోగ్య పరీక్ష. అబొరిజినల్, టోరెస్ స్ట్రెయిట్ ద్వీపవాసులకు ప్రత్యేకించింది, అన్ని వయసులవాళ్లకూ ఉంది. రక్తపోటు, బరువు, మూత్రపిండాలు, చక్కెర, కళ్లు, పళ్లు, మనసు, పొగతాగడం, చిన్నపిల్లలైతే ముఖ్యంగా చెవులు. బిల్లు డాక్టరు పేరు మీదే అవుతుంది. అందుకే సొంత డాక్టరు లేని గ్యాదరింగ్ ప్లేసులు దగ్గరి ఆరోగ్య సంస్థతో ఒప్పందం చేసుకుని వచ్చివెళ్లే క్లినిక్ పెట్టుకుంటాయి. పరీక్ష తర్వాత నర్సు గానీ అబొరిజినల్ హెల్త్ ప్రాక్టిషనర్ గానీ మెడికేర్ 10987 నంబరు కింద ఏడాదికి పదిసార్ల దాకా ఫాలో-అప్ చేయవచ్చు.

తప్పు జరిగేది కూడా సరిగ్గా ఇక్కడే. ఒక 715కూ ఇంకో 715కూ మధ్య తొమ్మిది నెలలు గడవాలి. పండగ రోజున వచ్చిన మొబైల్ క్లినిక్ యాభై మందికి పరీక్షలు చేసి, టీషర్టులు పంచి వెళ్లిపోతుంది. కాగితాలు వాళ్ల సొంత డాక్టర్లకు చేరవు. రెండు నెలల తర్వాత సొంత డాక్టరు అదే పరీక్ష చేస్తే మెడికేర్ ఒప్పుకోదు. మొదటి పరీక్షలో కనబడిన మూత్రపిండాల సమస్య ఎవరి బాధ్యతా కాకుండా పోతుంది. పరీక్ష చేసేముందే "మీ డాక్టరెవరు, రిపోర్టు ఎక్కడికి పంపాలి?" అని అడిగి అదే రోజు పంపడం, ఫాలో-అప్ ఎవరిదో పేరుతో సహా రాసుకోవడం, ఈ రెండూ చేస్తే సగం నష్టం తప్పుతుంది.

భవనంలో ఏముండాలి

అన్నిటికన్నా ముందు వంటగది. కలిసి వండటం వల్ల మాట కలుస్తుంది, చేతికి పని ఉంటే కళ్లలోకి చూడకుండానే కష్టం చెప్పుకోవచ్చు. నలుగురికీ క్రమం తప్పకుండా భోజనం పెట్టేట్టయితే విక్టోరియా ఆహార చట్టం కింద ఏమేం అవసరమో ముందే కౌన్సిల్‌తో తేల్చుకోవాలి. కట్టాక అడిగితే సింకు మళ్లీ పగలగొట్టాల్సి వస్తుంది.

క్లినిక్ గది విషయంలో ఎక్కువమంది చేసే పొరపాటు తలుపు. గది తలుపు భోజనాల బల్లకు ఎదురుగా ఉంటే ఎవరు లోపలికెళ్లారో, ఎంతసేపున్నారో అందరికీ తెలుస్తుంది. మద్యం గురించో, లైంగిక వ్యాధి గురించో, ఇంట్లో కొట్టే భర్త గురించో మాట్లాడాల్సినవాళ్లు ఇక ఆ గదిలోకి అడుగుపెట్టరు. వెనక నుంచి ఇంకో తలుపు ఉండాలి. మరుగుదొడ్ల దారిలోనే ఉంటే ఇంకా మంచిది, అటు నడిచినవాళ్లను ఎవరూ పట్టించుకోరు. లోపల చేతులు కడుక్కునే సింకు, సూదుల డబ్బా, టీకాలు ఉంచితే 2 నుంచి 8 డిగ్రీల మధ్య నిలిచే ఫ్రిజ్ కావాలి. పాల ప్యాకెట్లు పెట్టుకునే ఫ్రిజ్‌లో టీకాలు పెట్టకూడదు.

తోటలో చాలాచోట్ల మర్నాంగ్ కనిపిస్తుంది. పసుపు పువ్వులు పూసే ఈ మొక్క దుంపలు ఒకప్పుడు విక్టోరియా అబొరిజినల్ ప్రజలకు ప్రధాన ఆహారం. 1830ల నుంచి వచ్చిన గొర్రెల మందలు దాన్ని వేళ్లతో సహా మేసేశాయి. దాన్ని మళ్లీ పెంచడమంటే ఒక చరిత్రను చేత్తో ముట్టుకోవడమే. కానీ వేసవిలో దాని ఆకులు ఎండిపోయి మొక్క దుంపలోకి ముడుచుకుంటుంది. కొత్తగా చేరిన వాలంటీరు చచ్చిపోయిందనుకుని పీకేస్తాడు. అందుకే మడికి పేరుతోపాటు "ఎండాకాలంలో తవ్వకండి" అన్న పలక కూడా పెట్టాలి. లేత ఆకులను నత్తలు వదలవు. వారిగల్ అనే స్థానిక ఆకుకూరలో ఆక్సలేట్లు (పచ్చిగా ఎక్కువ తింటే హాని చేసే పదార్థాలు) ఎక్కువ. మరిగే నీళ్లలో రెండు మూడు నిమిషాలు ఉంచి, ఆ నీళ్లు పారబోసి వండాలి. పిల్లలు మడిలోంచి తెంపి పచ్చిగా తినకుండా చూసుకోవాలి.

నిప్పు గుండం చుట్టూ పొగ వేడుకలు (ఆకులు కాల్చి పొగతో చేసే శుద్ధి), సాయంత్రపు కబుర్లు నడుస్తాయి. టోటల్ ఫైర్ బ్యాన్ (కార్చిచ్చు భయంతో ఆరుబయట నిప్పు పెట్టడంపై నిషేధం) ప్రకటించిన రోజున వేడుక పేరు చెప్పినా అనుమతి లేకుండా నిప్పు పెట్టకూడదు.

అన్నిటికంటే ఆఖరున గుర్తొచ్చేది బస్సు. నిజానికి వంటగది తర్వాత దానిదే రెండో స్థానం. శివారు ముసలివాళ్లను, కారు లేని తల్లులను తెచ్చేది అదే. విక్టోరియాలో డ్రైవరుతో కలిపి 12 సీట్ల దాకా మామూలు కారు లైసెన్సు చాలు. పెద్దది కొంటే లైట్ రిజిడ్ అనే పై తరగతి లైసెన్సు కావాలి, అది ఒక్కరికే ఉంటే ఆయనకు జ్వరమొచ్చిన రోజు బస్సు కదలదు. రెండు చిన్న బస్సులు మేలు.

ఎక్కడ చెడుతుంది

చాలా గ్యాదరింగ్ ప్లేసులు 2006 నాటి అబొరిజినల్ కార్పొరేషన్ల చట్టం కింద నమోదై ఉంటాయి. మామూలుగా కనీసం ఐదుగురు సభ్యులుండాలి, వాళ్లలో ఎక్కువమంది అబొరిజినల్ లేదా టోరెస్ స్ట్రెయిట్ ద్వీపవాసులై ఉండాలి. ఆర్థిక సంవత్సరం ముగిసిన ఐదు నెలల్లో సర్వసభ్య సమావేశం జరగాలి. ఈ లెక్కల కన్నా ప్రమాదకరమైనది ఒకే కుటుంబం చేతిలోకి సంస్థ వెళ్లిపోవడం. మొదలుపెట్టింది ఆ కుటుంబమే కావచ్చు, ఉచితంగా ఏళ్లపాటు నడిపిందీ వాళ్లే కావచ్చు. అయినా మిగతా కుటుంబాలు "అది వాళ్ల ఇల్లు" అనుకున్న రోజు నుంచి రావడం మానేస్తాయి, చెప్పకుండానే. ఒక కుటుంబం నుంచి ఇంతమందికి మించి డైరెక్టర్లు ఉండకూడదని నియమావళిలో మొదట్లోనే రాసుకోవచ్చు. తగువు వచ్చాక రాస్తే అదీ తగువే అవుతుంది.

అబొరిజినల్ అని ధ్రువీకరించే గుర్తింపు ఉత్తరాలు ఇంకో తలనొప్పి. ప్రభుత్వం వాడే కొలమానంలో మూడు భాగాలున్నాయి: వంశం, తనను తాను అలా గుర్తించుకోవడం, సముదాయం ఒప్పుకోవడం. మూడోదానికి సముదాయం నుంచి ఉత్తరం అడుగుతారు. చిన్నప్పుడే ఇంటి నుంచి తీసుకెళ్లిన తాత మనవలకు కాగితాలుండవు, ఎరిగినవాళ్లుండరు. వాళ్లు తమవాళ్లను వెతుక్కునే చోటు గ్యాదరింగ్ ప్లేసే. కానీ మొదటిసారి వచ్చిన రోజే ఉత్తరం చేతిలో పెడితే మిగతావాళ్లు నొచ్చుకుంటారు, ఏళ్ల తరబడి తిప్పితే వచ్చిన మనిషి కుంగిపోతాడు. ముందు రావడం, కూర్చోవడం, తర్వాత ఉత్తరం. వచ్చి కూర్చోవడానికి మాత్రం ఏ కాగితమూ అడగకపోవడమే మంచి పద్ధతి.

ఇక నిధులు. ఎక్కువభాగం ఒకటి రెండేళ్ల గ్రాంట్లు, అదీ ఫలానా కార్యక్రమం పేరు మీద: మధుమేహానికి ఎనిమిది వారాల తరగతులు, పొగాకు మానిపించే బృందం. తలుపు తీసి టీ పెట్టే మనిషి జీతానికి పద్దు ఉండదు. దాంతో ఆ మనిషినే "ప్రోగ్రాం ఆఫీసర్" చేస్తారు, తరగతి లేని రోజు తలుపు మూసేస్తారు. అటూ ఇటూ తేల్చుకోలేక రోడ్డు మీద నుంచే చూసి వెళ్లిపోయే మనిషి అలాంటి రోజునే వస్తాడు. లెక్కలూ అలాగే. అదే 15 మంది వారంలో నాలుగు రోజులొస్తే నివేదికలో 60 హాజరు. కొత్తగా ఒక్కరూ రాలేదన్న సంగతి ఆ 60లో కనబడదు. ఆరు నెలలుగా ఇల్లు కదలని ఒకావిడను కూతురు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చిన రోజు ఆ లెక్కలో ఒక్కటే. లెక్కపెట్టాల్సింది వేరు: కొత్తవాళ్లను ఎవరు తెచ్చారు, మళ్లీ వచ్చారా, 715 తర్వాత ఫాలో-అప్ పూర్తయిందా, సిబ్బంది రెండేళ్లు నిలిచారా.

సారీ బిజినెస్, అంటే సముదాయంలో చావు జరిగినప్పటి సంతాపం, అంత్యక్రియలు. అప్పుడు అన్నీ ఆగిపోతాయి. కార్యక్రమం వాయిదా పడుతుంది, బస్సు అంత్యక్రియలకు వెళుతుంది, చనిపోయినవారి ఫొటో గోడ మీద ఉంచాలా తీయాలా అన్నది కుటుంబాన్ని అడగాలి. నిధుల ఒప్పందంలో దీనికి వెసులుబాటు రాసుకోకపోతే గడువు దాటినందుకు సంజాయిషీ ఇచ్చుకోవాలి. ఈ చావులు ఎక్కువే. 2020-22 లెక్కల ప్రకారం దేశంలో అబొరిజినల్, టోరెస్ స్ట్రెయిట్ ద్వీపవాసుల్లో మగవారి సగటు ఆయుర్దాయం 71.9 ఏళ్లు, ఆడవారిది 75.6. మిగతావారికంటే మగవారిలో 8.8 ఏళ్లు, ఆడవారిలో 8.1 ఏళ్లు తక్కువ.

రుజువు ఎంత గట్టిది

గ్యాదరింగ్ ప్లేస్ పెడితే ఇంత శాతం మధుమేహం తగ్గుతుందని ఎవరైనా చెబితే నమ్మనక్కర్లేదు. విక్టోరియాలో జరిగిన పని ఎక్కువగా మనుషులతో మాట్లాడి రాసినది. ఒంటరితనం తగ్గిందని, తామెవరో తెలిసిందని వాళ్లే చెప్పారు. దూరం నుంచి వచ్చే సాక్ష్యాలు రెండున్నాయి. నార్తర్న్ టెరిటరీలోని యుటోపియా అనే చోట, సొంత నేల మీద చిన్న చిన్న గుంపులుగా ఉండే అబొరిజినల్ వయోజనుల మరణాల రేటు, ఆ టెరిటరీలోని మిగతా అబొరిజినల్ ప్రజలకంటే బాగా తక్కువని 1995 నుంచి 2004 దాకా పరిశీలించి తేల్చారు. కెనడాలో బ్రిటిష్ కొలంబియా ఆదిమ జాతుల మీద 1998లో వచ్చిన అధ్యయనం ఆరు అంశాలు చూసింది: స్వపరిపాలన, నేల హక్కుల పోరాటం, చదువు, ఆరోగ్యం, పోలీసు అగ్నిమాపక సేవలు, సాంస్కృతిక భవనం. ఇవి ఎంత ఎక్కువగా సముదాయం చేతిలో ఉంటే యువతలో ఆత్మహత్యలు అంత తక్కువ. భవనం ఆ ఆరింటిలో ఒకటి మాత్రమే. రెండు అధ్యయనాల్లోనూ ఉమ్మడిగా కనిపించేది పెత్తనం ఎవరిదన్న విషయం. కౌన్సిల్ కట్టి, కౌన్సిల్ ఉద్యోగి తాళం తీసి, కౌన్సిల్ వేళలకు మూసే భవనానికి ఈ రుజువులేవీ వర్తించవు. అలాంటిది మామూలు కమ్యూనిటీ హాలే, గోడ మీద అబొరిజినల్ శైలి చుక్కల బొమ్మలు వేసినంత మాత్రాన మారదు.

తెలుగువాళ్లకు ఇది ఎక్కడ తగులుతుంది

మెల్‌బోర్న్ పడమటి శివార్లలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. విండమ్ వేల్‌లోని వుంగర్విల్ ధురుంగ్ కేంద్రంలో కిండర్‌గార్టెన్, తల్లీబిడ్డల ఆరోగ్య సేవలు, అబొరిజినల్ కమ్యూనిటీ సెంటర్ ఒకే ఆవరణలో ఉన్నాయి. పిల్లను కిండర్‌కు దింపడానికి వెళ్లి, పక్కనున్నది ఏమిటా అని తొంగిచూసేవాళ్లుంటారు. తొంగిచూడటం తప్పు కాదు గానీ, అది చూడటానికి పెట్టిన చోటు కాదు. ముందు ఫోన్ చేసి అడగాలి, లేదా జులైలో అబొరిజినల్ సంస్కృతిని వేడుకగా జరుపుకునే నైడాక్ వారంలో అందరినీ పిలిచినప్పుడు వెళ్లాలి. అక్కడి పెద్దలను ఆంటీ, అంకుల్ అంటారని విని మన అలవాటు కొద్దీ నెరిసిన జుట్టు కనబడ్డ ప్రతివాళ్లనూ అలా పిలవకండి. అది సముదాయం ఇచ్చే గౌరవం, వాళ్లు అలా పరిచయం అయ్యాకే పిలవాలి.

క్లినిక్ రిసెప్షన్‌లో, ఫార్మసీలో పనిచేసే తెలుగువాళ్లు గుర్తుంచుకోవాల్సింది వేరే ఉంది. అబొరిజినల్ లేదా టోరెస్ స్ట్రెయిట్ ద్వీపవాసులా అన్న ప్రశ్న వచ్చిన ప్రతి ఒక్కరినీ అడగాలి. తెల్లగా ఉన్నారని వదిలేస్తే 715 పరీక్షా పోతుంది, క్లోజింగ్ ద గ్యాప్ అనే ప్రభుత్వ పథకం కింద మందుల ధరలో రాయితీ కూడా పోతుంది. ఆ రాయితీకి ఒక్కసారి నమోదైతే చాలు, ఆపై దేశంలో ఏ ఫార్మసీలోనైనా పనిచేస్తుంది. "అవును" అన్నవాళ్లను "ఎంత శాతం?" అని మాత్రం అడగకూడదు. 1886 చట్టం మనుషులను విడదీసింది ఆ లెక్కతోనే.

తెలుగు సంఘాల ఉగాది, సంక్రాంతి సభల్లో వెల్కమ్ టు కంట్రీ (ఆ నేల ట్రెడిషనల్ ఓనర్లు చెప్పే స్వాగతం) పెట్టుకోవాలనుకునేవాళ్లు చాలాసార్లు దగ్గర్లోని గ్యాదరింగ్ ప్లేస్‌కు ఫోన్ చేస్తారు. అది వాళ్లు చేసేది కాదు. ఆ నేల ట్రెడిషనల్ ఓనర్ల సంస్థకే రాయాలి, కొన్ని వారాల ముందే, రుసుము కూడా చెల్లించాలి. సభ పాయింట్ కుక్‌లో అయితే బునురాంగ్ సంస్థను, వెరిబీ నది దాటి పడమరన అయితే వడవురుంగ్ సంస్థను అడగాలి. వాళ్లకు ఆ రోజు కుదరకపోతే అక్నాలెడ్జ్‌మెంట్ (ఆ నేల ఎవరిదో గుర్తుచేస్తూ చెప్పే నాలుగు మాటలు) మీరే చదువుకోవచ్చు, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.